తాతయ్య గొంతుకు రెండు డయోడ్లు

ఈసారి మా గరాజులో జరిగిన ముచ్చట ఒకటి చెబుతాను.

మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లెలో తెలుగు మాస్టారు. ఆయన గజేంద్ర మోక్షం పద్యాలు చదువుతుండగా రికార్డు చేసిన క్యాసెట్ ఒక్కటే మాకు మిగిలింది. మా ఇంట్లో ఉన్న పాత ప్లేయరుకు ఇయర్‌ఫోనే దిక్కు. వింటే ఒక్కరే వినాలి. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ తిరుగు ప్రయాణం ఇంకో పది రోజులుందనగా, "అందరం కలిసి వినే దారి లేదట్రా?" అంది. ఏడో తరగతి చదివే మా అమ్మాయి, "యాంప్లిఫైయర్ మనమే చేద్దాం నాన్నా" అంది.

మేముండేది న్యూజెర్సీలో. ఇక్కడి మర్రే హిల్‌లో, బెల్ ల్యాబ్స్‌లోనే 1947 డిసెంబరులో బార్డీన్, బ్రాటెన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పని చేయించారు. డిసెంబరు 23న పై అధికారులకు చూపించినప్పుడు వాళ్లు పెంచి వినిపించింది మనిషి గొంతునే. 1956లో షాక్లీతో కలిపి ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది.

పిల్లలూ, ట్రాన్సిస్టర్ శబ్దాన్ని సాగదీయదు. పొలం కాలువకు తూము తలుపు ఉంటుంది చూశారా? చెయ్యి కాస్త కదిపితే చాలు, బోలెడు నీరు పారుతుంది. ఆ నీరు చేతిది కాదు, కాలువది. అలాగే క్యాసెట్ నుంచి వచ్చే చిన్న కరెంటు, 12 వోల్టుల అడాప్టరు నుంచి స్పీకరుకు వెళ్లే పెద్ద కరెంటును అదుపు చేస్తుంది.

ముందు వరసలో ఒక బీసీ 547, చివర టిప్ 31, టిప్ 32 జంట. అల పై సగాన్ని ఒకటి, కింది సగాన్ని రెండోది మోస్తాయి. 8 ఓంల స్పీకరుకు ఒక వాటు దాకా వస్తుంది. మా హాలుకు అది చాలు.

మొదటిసారి వినిపించగానే అమ్మ మొహం చిన్నబోయింది. "ఇది మీ తాతయ్య గొంతు కాదే, ఎవరో జలుబు చేసినవాళ్లది" అంది. తప్పు నాదే. ఒక్కో ట్రాన్సిస్టర్ మేలుకోవడానికి సుమారు 0.6 వోల్టులు కావాలి. ఒకటి పని వదిలి రెండోది అందుకునే లోపల రెండూ నిద్రే! మెల్లని శబ్దాలన్నీ ఆ సందులో పడి పోతున్నాయి. రెండింటి బేసుల మధ్య రెండు డయోడ్లు పెడితే రెండూ ఎప్పుడూ సగం మెలకువతో ఉంటాయి. వేడెక్కితే ట్రాన్సిస్టర్లు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి కనుక డయోడ్లను హీట్ సింక్‌కు ఆనించి, ఎమిటర్ల దగ్గర అర ఓం రెసిస్టర్లు చేర్చాం. టంకం పని అంతా అమ్మాయిదే.

ప్రయాణానికి ముందు రోజు రాత్రి అందరం హాల్లో కూర్చున్నాం. పద్యానికి ముందు నాన్నగారు గొంతు సవరించుకున్నారు. మొన్న ఆ చప్పుడు వినబడనే లేదు. అమ్మ చప్పున తలెత్తి, "మళ్లీ మొదటి నుంచి పెట్టమ్మా" అంది. తాతయ్యను ఎన్నడూ చూడని మనవరాలు క్యాసెట్‌ను వెనక్కి తిప్పింది.

పిల్లలూ, మీరు చేసేటప్పుడు అడాప్టరుతోనే చేయండి, గోడ కరెంటు జోలికి వెళ్లకండి. పక్కన పెద్దవాళ్లుండాలి. వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం.