కాటి సుంకం లెక్కలు

సత్యహరిశ్చంద్ర నాటకంలో కాటి సీను కోసం తెలుగు ప్రేక్షకులు తెల్లవార్లూ మేలుకున్న రోజులున్నాయి. పద్యాల సొగసు ఎంత ఉన్నా, ఆ ఘట్టమంతా తిరిగేది డబ్బు చుట్టూనే. కన్నకొడుకును దహనం చేయడానికి తల్లి దగ్గర కాటి సుంకం లేదు. వేదిక మీద అంతసేపు విన్న మాటను ఇంట్లో ఎత్తితే మాత్రం అపశకునం అంటాం. ఆ జంకును వట్టి మూఢత్వమని కొట్టిపారేయలేం. మంచాన ఉన్న మనిషి వింటుండగా ఆయన దహనానికి లెక్కలు వేయడం ఎక్కడైనా మొరటు పనే. అయితే ఎవరూ ఎత్తకపోతే, బేరమాడే ఓపిక లేని పూట ఎవరెంత అంటే అంత ఇచ్చేస్తాం.

నిజానికి దహనానికయ్యేది మొత్తంలో చిన్న వాటా కావచ్చు. ఫ్రీజర్ బాక్సు అద్దె, బండి, పాడె సామగ్రి, పురోహితుడి సంభావన, అస్థికలు కలపడానికి రాజమండ్రికో బాసరకో ప్రయాణం, ఆపైన పెద్దకర్మ భోజనాలు. అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా ఆగితే బాక్సు అద్దె పెరుగుతుంది. ఆగకపోతే కడసారి చూపు దక్కలేదన్న బాధ అతనికి మిగిలిపోతుంది. రెంటిలో ఏది బరువో బయటివాళ్లు తేల్చేది కాదు.

కట్టెల చితికి 400 నుంచి 500 కిలోల కలప పడుతుందని అంచనా. కలపనూ ఖర్చునూ చూస్తే విద్యుత్ దహనమే మేలనిపిస్తుంది. కానీ 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక కింద కట్టిన విద్యుత్ దహనశాలలకు చాలాచోట్ల ఆశించిన ఆదరణ దొరకలేదు. హరిశ్చంద్రుడు కాపలా కాశాడని చెప్పుకునే కాశీ ఘాట్‌లోనూ విద్యుత్ కొలిమి కట్టారు, పక్కనే చితులూ వెలుగుతూనే ఉన్నాయి. కరెంటు కోతలు ఒక కారణమైతే, తన చేత్తో తలకొరివి పెట్టాలన్న కొడుకు పట్టుదల ఇంకొకటి. పైగా రోజుకొక్క శవమే వచ్చేచోట కొలిమిని ప్రతిసారీ మొదటినుంచి వేడెక్కించాలి. అప్పుడు ఆదా అనుకున్నది ఆదా కాకపోవచ్చు.

శ్మశానంలో రుసుము బోర్డు పెడితే కుటుంబానికి ఊరట, సందేహం లేదు. అయినా బోర్డులో లేని చేతి ఖర్చులు ఉండనే ఉంటాయి. వాటిని దోపిడీ అనేవాళ్లున్నారు, కొన్నిచోట్ల అది నిజం కూడా. కానీ తరతరాలుగా ఎవరూ చేయని పని చేస్తూ, జీతమంటూ లేని కాటికాపరికి ఆ మామూలే కూలి. దహనం పూర్తిగా ఉచితమని ప్రకటించి అతని వేతనం సంగతి మరిస్తే, ఆ డబ్బు ఇంకో పేరుతో మన దగ్గరికే వస్తుంది.

ఇక ముందుగా దాచుకోవడం. ఫిక్సెడ్ డిపాజిట్‌కు నామినీ ఉన్నా, సొమ్ము చేతికి రావాలంటే మరణ ధ్రువపత్రం కావాలి. ఖర్చు మాత్రం ఆ రోజే మొదలవుతుంది. బీమా సొమ్మూ, ఈఎస్‌ఐ ఇచ్చే 15,000 రూపాయల అంత్యక్రియల సాయమూ తర్వాత అందేవే. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగల ఉమ్మడి ఖాతా ఈ చిక్కు విప్పుతుంది గానీ, బతికుండగానే ఖాళీ అయ్యే ప్రమాదమూ అందులో ఉంది. ఎవరిని నమ్మాలో ఆ ఇంటికే తెలియాలి.

దినవారాల కోసం వడ్డీకి అప్పు చేయడాన్ని సమర్థించడం కష్టం. అలాగని ఆ పదకొండో రోజో పన్నెండో రోజో పెట్టే భోజనాలన్నీ ఆడంబరమే అనడమూ తొందరపాటే. ఒంటరైన ఇంటికి నలుగురు వచ్చి కూర్చునే సందర్భం అది. పెద్దలు 'నాకేమీ చేయొద్దు' అని రాసిపెడితే పిల్లలకు కొంత భారం తగ్గవచ్చు. ఆ మాట పాటిస్తే బంధువుల ముందు, పాటించకపోతే మనస్సాక్షి ముందు దోషులయ్యే అవకాశమూ ఉంది.

అందుకే, తంతు ఎలా జరగాలో అంతా నిర్ణయించకుండా, ఖర్చు ఇంతకు మించొద్దని ఒక హద్దు మాత్రం చెప్పి ఊరుకోవడం నాకు నయమనిపిస్తుంది. మొదటి రెండు రోజులకు సరిపడా సొమ్ము వెంటనే అందేచోట ఉంచి, కట్టెలా కరెంటా, ఆగాలా వద్దా అన్నవి మిగిలినవాళ్లకు వదిలేయొచ్చు. ఒక్క కాగితం చాలు. అది బీరువాలో ఉందని ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి, బీరువా తాళంచెవి ఎక్కడుందో కూడా.