చుట్టాలొచ్చిన వేళ గుర్రప్పందెం

క్రిస్మస్ మొదలు సంక్రాంతి సెలవుల దాకా మన కాజీపేట ఇళ్ళకు చుట్టాలు వస్తూనే ఉంటారు. హైదరాబాదు మలక్‌పేటలో చలికాలపు గుర్రప్పందాలూ ఆ నెలల్లోనే. "బావా, పొద్దున రైలెక్కుదాం, సరదాగా ఓసారి చూసొద్దాం" అన్న మాటతో మొదలవుతుంది.

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. నిజమే. కానీ లెక్క చూడండి. రేసుకోర్సు టోటులో అందరి సొమ్మూ ఒకచోట చేర్చి, పన్ను, క్లబ్బు వాటా ముందే తీసి, మిగిలినది గెలిచినవారికి పంచుతారు. కాసినవారందరినీ కలిపి చూస్తే నష్టమే.

కథోలిక శ్రీసభ సత్యోపదేశం కూడా పందేన్ని దానంతట అదే తప్పనదు. ఇంటి అవసరాలకు ఉండవలసిన సొమ్ము దానికి పోతే తప్పంటుంది. చుట్టాలున్నప్పుడు ఆ సొమ్ము ఏది? వాళ్ళకు పెట్టే అన్నం, పిల్లల పాలు, అమ్మగారి షుగరు మాత్రలు.

పోయినది రాబట్టాలని మళ్ళీ కాయడం, ఇంట్లో అబద్ధమాడడం, వచ్చిన బంధువునే చేబదులు అడగడం వ్యసన లక్షణాలు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం జూదాన్ని మద్యం వంటి వ్యసనాల కోవలో చేర్చింది. దీనికి చికిత్స ఉంది.

కనుక చుట్టాల ముందు పరువు పోతుందని దాచకండి. అప్పు తీర్చిపెట్టడం కన్నా డాక్టరు దగ్గరకు తీసుకురావడం మేలు. 14416 టెలి మానస్‌కు ఉచితంగా ఫోను చేయవచ్చు. చుట్టాలకు చూపించాలంటే మనకు పాకాల చెరువు ఉంది, రామప్ప ఉంది.