పనిదొంగ అన్న మాట వెనక్కి తీసుకుందాం



కిందటేడు కండెలు చుట్టే ఒక అక్క విషయమై కార్ఖానా నుంచి మన యూనియన్ ఆఫీసుకు ఫిర్యాదు వచ్చింది. పన్నెండేళ్లుగా అదే చోట పనిచేస్తున్న మనిషి. ఆరు నెలలుగా కండెలు సగానికి పడిపోయాయి, వారానికో నాగా, మధ్యాహ్నమైతే మిషను పక్కనే కునుకు. మేము ఆమెను పిలిపించి ఏమన్నామో దాచకుండా రాస్తున్నాము. "అక్కా, పని ఎగ్గొడితే యూనియన్ అడ్డం పడదు" అన్నాము. ఆమె ఒక్క మాట అనకుండా తల వంచుకుని వెళ్లిపోయింది.

రెండు నెలల తరువాత ఆమె కొడుకు ఒక కాగితం తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ ఎనభై దాటింది. ఉండవలసింది సుమారు నాలుగైదు లోపల. ఆమె పనిదొంగ కాదు, రోగి. ఆ రోజే ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పాము. ఆమె ఒప్పుకున్నది గనుక ఇక్కడ అందరి ముందూ మళ్లీ చెప్తున్నాము.

ఈ రోగం సంగతి తెలుసుకుందాం. మెడ ముందు భాగంలో, గొంతు కింద, సీతాకోకచిలుక ఆకారంలో థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది తయారుచేసే థైరాక్సిన్ ఒంట్లోని ప్రతి పని వేగాన్నీ నడిపిస్తుంది. తల లోపల, మెదడు కింద ఇంకొక చిన్న గ్రంథి ఉంది. అది మన జాబర్ లాంటిది. కింద పని తగ్గితే జాబర్ కేకలు పెరుగుతాయి కదా! ఆ కేకే టీఎస్‌హెచ్. అందుకే థైరాయిడ్ మందగించిన కొద్దీ ఈ అంకె పెరుగుతుంది. "అంకె ఎక్కువ వచ్చింది, థైరాయిడ్ ఎక్కువైంది" అని మనలో చాలామంది తలకిందులుగా అనుకుంటున్నారు.

లక్షణాలు చూడండి: ఎంత పడుకున్నా తీరని అలసట, తిండి పెరగకుండానే బరువు, ముఖం ఉబ్బు, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, పొడి చర్మం, జుట్టు రాలడం, గొంతు బొంగురు, మతిమరుపు, కండరాల నొప్పులు, ఆడవాళ్లకు నెలసరిలో అధిక రక్తస్రావం. ఇందులో సగం మన షోలాపూరులో ఏ సాంచాల షెడ్డులో అడిగినా "నాకూ ఉంది" అంటారు. పన్నెండు గంటలు నిలబడ్డ కాలికి నొప్పి రాదా, దూది ధూళి మింగిన గొంతు బొంగురుపోదా అని మనమే సర్దిచెప్పుకుంటాము. రోగం దాక్కునేది అక్కడే. రక్తహీనతకూ, చక్కెర రోగానికీ ఇదే అలసట ఉంటుంది. కాబట్టి ఊహించి లాభం లేదు, పరీక్షే తేల్చాలి. ఎనిమిది నగరాల్లో జరిపి 2013లో ప్రకటించిన ఒక సర్వేలో పెద్దవాళ్లలో నూటికి దాదాపు 11 మందికి ఈ లోపం కనిపించింది. వాళ్లలో మగవాళ్లకంటే ఆడవాళ్లే ఎక్కువ.

దీనికి మందు ఉంది. 1891లో ఇంగ్లండులో ఒక డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించి ఇలాంటి రోగిని లేవనెత్తాడు. ఆమె ఆ మందుతో ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. నేడు అదే హార్మోను లెవోథైరాక్సిన్ అనే చిన్న మాత్రగా దొరుకుతున్నది. జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నది గనుక ధరకు ప్రభుత్వ పరిమితి ఉంది. సాధారణంగా రోజు మాత్ర ఖరీదు ఒక కటింగ్ చాయ్ కంటే తక్కువే.

మరి మనవాళ్లు ఎందుకు మళ్లీ మళ్లీ పడిపోతున్నారు? ఇక్కడ తప్పు మనలో కూడా ఉంది.

మొదటిది, ఒళ్లు తేలికపడగానే మాత్ర మానేయడం. జ్వరం మాత్ర వేరు, ఇది వేరు. ఇది గ్రంథి చేయలేని పనిని బదిలీ మనిషిలా చేస్తున్నది. బదిలీని పంపేస్తే సాంచా ఆగదా? చాలామందికి ఇది జీవితాంతం వేసుకోవలసిన మందు. మానిన వారానికే ఏమీ కాదు, అందుకే మోసపోతాము. పాత మందు మెల్లగా అరిగిపోయి, కొన్ని వారాల తరువాత పడేస్తుంది.

రెండవది, చాయ్‌తో మాత్ర మింగడం. పరగడుపున, ఉత్త నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి చాయ్ తాగాలి. రక్తం పట్టడానికి ఇచ్చే ఇనుము మాత్ర, ఎముకల కాల్షియం మాత్ర దీన్ని ఒంటికి పట్టనివ్వవు. వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. రాత్రి పాళీ వాళ్లు ఇంటికి రాగానే మాత్ర వేసుకుని, స్నానం ముగించి, అప్పుడు చాయ్ తాగండి. ఏ పూట అయినా రోజూ ఒకే పద్ధతి ముఖ్యం. మన రేకుల ఇళ్లలో ఏప్రిల్, మే ఎండకు మందు చెడిపోతుంది. పొయ్యి పక్కన, రేకు కింది అలమారలో పెట్టకండి. డబ్బా మూత బిగించి, చల్లగా, తడి లేని చోట ఉంచండి.

మూడవది, పక్కింటావిడ మోతాదు మనం వేసుకోవడం. మాత్ర 25, 50, 75, 100 మైక్రోగ్రాములుగా వస్తుంది. ఎవరి లెక్క వారిదే. వయసు మళ్లినవారికీ గుండె జబ్బు ఉన్నవారికీ చిన్న మోతాదుతో మొదలుపెడతారు. ఎక్కువైతే గుండె దడ, చేతుల వణుకు, కాలక్రమంలో ఎముకల అరుగుదల. ఒళ్లు తగ్గాలని ఇది మింగడం ప్రమాదం. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చూపించాలి, కుదిరిన తరువాత ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి. వారం రోజులకే పరీక్ష చేయించి "మందు పనిచేయలేదు" అనుకోవడం డబ్బు దండగ.

నాలుగవది సిగ్గు. పెళ్లికాని పిల్లకు థైరాయిడ్ అని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని డబ్బా బియ్యం డ్రమ్ములో దాస్తున్న తల్లులు మన మధ్యనే ఉన్నారు. ఆ పిల్ల అత్తవారింట్లో మాత్ర మానేసి గర్భవతి అయితే ఎంత ప్రమాదమో ఆలోచించండి. తొలి నెలల్లో కడుపులో బిడ్డ మెదడు తల్లి థైరాక్సిన్ మీదనే ఆధారపడుతుంది. ఆ సమయంలో తల్లికి మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది కూడా. గర్భం తెలిసిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి పరీక్ష చేయించాలి. దాచిన మాత్ర కంటే చెప్పిన మాట మేలు.

ఇంత చెప్పి, నేరమంతా కార్మికుడి నెత్తిన రుద్దడం మా ఉద్దేశం కాదు. పీసు రేటు మనిషికి పరీక్ష కోసం అరపూట పోతే అరపూట కూలి పోతుంది. పదిహేను రోజుల మందు చేతిలో పెట్టి మళ్లీ రమ్మంటే ఇంకొక పూట పోతుంది. మాత్ర చవకే, మాత్ర తెచ్చుకునే పూట ఖరీదు. రోగి మందు మానడానికి ఇదే అసలు కారణమని మేము భావిస్తున్నాము.

ఇక ఈఎస్ఐ సంగతి. పది మంది ఉన్న కార్ఖానాకు అది వర్తిస్తుంది. 2019 జూలైలో వాటాలు తగ్గించారు: మన జీతంలో నూటికి 0.75 రూపాయలు, యజమాని నుంచి 3.25 రూపాయలు. ఆ కార్డు ఉంటే మనకూ కుటుంబానికీ వైద్యం, అర్హత ఉన్నవారికి రోగపు సెలవులో ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం కూలి దొరుకుతాయి. దీన్ని తప్పించుకోవడానికే ఒకే కప్పు కింద రెండు మూడు పేర్లతో సాంచాలు నడిపే మాలకులు ఉన్నారు. మేము దీన్ని ఖండిస్తున్నాము.

మా డిమాండ్లు ఇవి. పరీక్షకు వెళ్లిన పూటకు కూలి కోయరాదు. ప్రతి కార్మికుడి పేరూ ఈఎస్ఐలో ఎక్కించాలి. మోతాదు కుదిరిన రోగికి మూడు నెలల మందు ఒకేసారి ఇవ్వాలి. ఉత్పత్తి తగ్గిన మనిషికి నోటీసు ఇచ్చే ముందు డాక్టరుకు చూపించాలి.

యూనియన్ తరఫున మేము ఒక నియమం పెట్టుకున్నాము. ఇక మీదట ఎవరి మీద "పని చేయడం లేదు" అన్న ఫిర్యాదు వచ్చినా, ముందు "ఒంట్లో ఎలా ఉంది?" అని అడుగుతాము.

ఆ అక్క ఇప్పుడు మళ్లీ తన మిషను మీద ఉంది. పోయిన ఎనిమిది నెలల కూలి మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. మీ ఇంట్లో, మీ పక్క మిషను మీద అలాంటివారు ఉంటే ఈ కాగితం చదివి వినిపించండి. చదువు రానివారికి మా ఆఫీసులో సాయంత్రం పూట రిపోర్టు చదివి చెప్తాము. మందు ఎంత వేసుకోవాలో చెప్పవలసింది మాత్రం డాక్టరే.

— కార్యదర్శి