హాస్టల్‌కు తాళం పడ్డాక పాఠం ఎవరు చెబుతారు?

పదో తరగతిలో లెక్కలు పోయిన తమ్ముడు సప్లిమెంటరీకి వేసవిలో చదవాలి. అప్పటికి హాస్టల్‌కు సెలవులు. ఇంట్లో చెప్పేవాళ్లుండరు. మా ఇంట్లోనూ నాకు ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు.

2020లో బడులు మూతబడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలొచ్చాయి. సందేహం అడిగితే టీవీ పలకదు కదా! 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి ఇచ్చిన ట్యాబుల్లో పాఠాలు ముందే నింపి ఇచ్చారు. నెట్ లేకున్నా నడిచాయి, మంచిదే. కాని వాటిలో మన సారు లేరు.

గూగుల్ క్లాస్‌రూమ్ ఉచితమే. తరగతి తెరిస్తే ఒక కోడ్ వస్తుంది, దానితో పిల్లలు చేరతారు. అయితే లైవ్ క్లాసులు వద్దంటాను. నల్లమల గూడేల్లో సిగ్నల్ అందడం కష్టం. పైగా ఇంటికి ఒకటే ఫోను, అది పగలంతా నాన్నతో పాటు కూలికి పోతుంది. కాబట్టి నోట్సు ఫొటోలు, ఐదు నిమిషాల మాటల రికార్డు పెడదాం. తమ్ముడు రాత్రి చూసి, చేసిన లెక్కను ఫొటో తీసి పంపుతాడు. మనం తెల్లారి దిద్దుతాం.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలూ అక్కలూ, తలా ఒక సబ్జెక్టు తీసుకోండి. వార్డెన్ గారు ఒప్పుకుంటే సెలవులకు ముందే, స్టడీ అవర్‌లో, అందరినీ చేర్పిద్దాం. లెక్కలు నేను చెబుతాను.