చేర్చడం వేరు, చేరడం వేరు

పిల్లవాణ్ని బడిలో చేరుస్తాం, రోగిని ఆసుపత్రిలో చేరుస్తాం. ‘అమ్మను సీనియర్ లివింగ్‌లో చేర్చాం’ అన్నప్పుడూ అదే క్రియ వాడుతున్నాం. సంసారాన్ని ఈది, పిల్లల పెళ్లిళ్లు చేసి, ఊళ్లో పది తగాదాలు తీర్చిన మనిషి తాను ఎక్కడ ఉండాలన్న విషయానికి వచ్చేసరికి కర్త స్థానం కోల్పోయి కర్మగా మిగిలిపోతున్నారు. పెద్దలు ఇలాంటి వృద్ధుల నివాసాలకు వెళ్లడం మంచిదా, చెడ్డదా అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. ఆ నిర్ణయం ఎవరు, ఎప్పుడు తీసుకున్నారన్నదే మంచిచెడులను తేలుస్తుంది.

అవసరం ఉందనడంలో సందేహం లేదు. 2011 జనగణన నాటికి దేశంలో 60 ఏళ్లు నిండినవారు దాదాపు 10.4 కోట్లు. 2050 నాటికి ప్రతి ఐదుగురిలో ఒకరు ఆ వయసువారే ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023 నివేదిక అంచనా వేసింది. పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడ్డాక, అర్ధరాత్రి బాత్‌రూంలో కాలు జారితే కేక వేసినా పలికేవారు లేని ఇళ్లు మన పట్టణాల్లో వీధికి నాలుగు కనిపిస్తాయి. అయితే భద్రత ఒక్కటే మనిషిని నిలబెట్టదు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలోని ఒక నర్సింగ్ హోంలో చేసిన అధ్యయనం ఇందుకు సాక్ష్యం. ఒక బృందంలోని వృద్ధులకు గది సర్దుకోవడం, సినిమా చూసే రోజు ఎంచుకోవడం, ఒక మొక్కను ఎంచుకుని నీళ్లు పోసుకోవడం వంటివి అప్పగించారు. రెండో బృందానికి అన్నీ సిబ్బందే చూసుకున్నారు, చివరికి మొక్కకు నీళ్లతో సహా. మూడు వారాల్లోనే మొదటి బృందం మరింత చురుగ్గా, సంతోషంగా కనిపించింది. చిన్న అధ్యయనమే అయినా, పెరటి తులసికోటను వదిలి వెళ్లలేని తల్లి మనసు తెలిసినవారికి ఇది అర్థమవుతుంది.

కన్నవారిని వదిలించుకోవడానికి ఇదంతా ఒక నాగరికమైన ముసుగు అని కొందరు అంటారు. ఆ కోపంలో నిజముంది. తల్లి తుంటి ఎముక విరిగాక, విదేశం నుంచి వచ్చిన కొడుకు సెలవు ముగిసేలోగా ఇల్లు బేరం పెట్టి, ఆమెను రెండు సూట్‌కేసులతో గదిలో దింపి వెళ్లడం వదిలించుకోవడమే. కానీ తలుపుకు గొళ్లెం వేసుకుని రోజంతా వీడియో కాల్ కోసం ఎదురుచూసేలా సొంతింట్లో ఉంచేయడమూ అంతకన్నా గొప్ప సేవేమీ కాదు. మతిమరుపు ముదిరిన పెద్దల్ని ఏమని అడుగుతామన్నది ఇంకో ప్రశ్న. అందుకే ఎక్కడ ఉండాలన్న మాట వారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎత్తాలి. ఆలస్యమైనా, మంచం కిటికీ పక్కన వేయాలా, గోడకు ఎవరి ఫొటో తగిలించాలి, కాఫీ ఎన్నింటికి కావాలి అన్నవి వారినే అడగవచ్చు.

పెద్దలు కర్తలుగా ఉండాలంటే కాగితాలు కూడా వారి పక్షాన ఉండాలి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. చూసుకోవాలన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక పిల్లలు మాట తప్పితే, ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలును దాని 23వ సెక్షన్ కల్పించింది. జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి చెప్పిన 19వ సెక్షన్ మాత్రం నిరుపేదలను ఉద్దేశించినది. డబ్బు కట్టి చేరే నివాసాల కోసం కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. నమూనాకు చట్టబలం ఉండదు కనుక రాష్ట్రాలు వాటిని నిబంధనలుగా మార్చాలి. డిపాజిట్‌లో ఎంత, ఎన్నాళ్లకు తిరిగిస్తారు, నెలసరి రుసుము ఏటా ఎంత పెంచుతారు, మంచాన పడితే అక్కడే ఉంచుతారా, దంపతుల్లో ఒకరు పోతే రెండోవారి హక్కేమిటి అన్నవి ఒప్పందంలో తెలుగులో ఉండాలి. చదివి సంతకం పెట్టాల్సింది అక్కడ ఉండబోయేవారే.

అన్నిటికన్నా ముందు ఒకటి రెండు నెలలు అక్కడ ఉండి చూడనివ్వాలి. భోజనం రుచి, పక్కగది మనుషుల తీరు, రాత్రి గంట నొక్కితే ఎంతసేపటికి వస్తారన్నది బ్రోషర్ చెప్పదు. నచ్చకపోతే తిరిగి రావడానికి చోటుంటేనే వెళ్లడం వారి ఇష్టమవుతుంది. అందుకే అప్పటిదాకా ఇల్లు అమ్మకూడదు. దాని తాళంచెవి ఆ తల్లి కొంగు ముడిలోనే ఉండాలి.