ఖాళీగా కూర్చున్నవాళ్ల పని

పాత తెలుగు సినిమాల్లో హీరోయిన్ చేతికి ఊలు, సూదులు ఇచ్చారంటే ఆవిడ నెల తప్పిందని లెక్క. భర్త ఆఫీసు నుంచి వస్తాడు, బుల్లి స్వెట్టర్ చూస్తాడు, ఆవిడ సిగ్గుపడుతుంది, పాట మొదలవుతుంది. ఆ స్వెట్టర్ ఎన్నో వరసలో ఉందో, కుట్టు జారిపోతే ఆవిడ ఏం చేసిందో, ఎన్నిసార్లు విప్పి మళ్లీ అల్లిందో ఏ డైరెక్టరూ చూపించలేదు. ఉక్కపోతకి చొక్కాలు తడిసిపోయే ఊళ్లో ఆ ఊలు స్వెట్టర్ ఎవరు తొడుక్కుంటారన్న అనుమానం కూడా ఎవరికీ రాలేదు. తొడుక్కోవడానికి కాదు కదా అది, ప్రేమకి గుర్తు.

నా గొడవంతా ఆ మాటతోనే.

మా చెల్లి డెట్రాయిట్ దగ్గర ఉంటుంది. జనవరిలో డెలివరీ. అక్కడి చలికి ఊలు దుప్పటితో నిజంగానే పని ఉంటుంది కాబట్టి నేను అల్లి పంపిస్తానన్నాను. అప్పటికి నాకు సూది పట్టుకోవడం కూడా రాదు. హైదరాబాద్‌లో ఒక కేఫ్‌లో ఆదివారం వర్క్‌షాప్ ఉందంటే డబ్బు కట్టి వెళ్లాను. వాసన కొవ్వొత్తులు, మెత్తటి సంగీతం. నేర్పించిన అమ్మాయి మంచిదే, కానీ ఒక సలహా ఇచ్చింది: "లెక్కపెట్టకండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి, చేతులు వాటంతటవే కదులుతాయి." కదిలాయి. 120 కుట్లతో మొదలుపెట్టిన దుప్పటి 30 వరసలయ్యేసరికి 131 కుట్లయి విసనకర్రలా పక్కలకి విచ్చుకుంది.

తప్పెక్కడుందో కనిపెట్టింది మా పెద్దమ్మ. ఆవిడది నరసాపురం పక్కన పల్లె. రెండు సూదుల అల్లిక ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడకి తెలిసింది ఒక్క కొక్కెం సూదితో అల్లే లేసు. అయినా వీడియో కాల్‌లో రెండు క్షణాలు చూసి, "అంచు దగ్గర పెరుగుతున్నాయే నీకు. దారం ఎటు లాగుతున్నావో చూపించు," అంది. చూపించాను. వరస మొదట్లో దారాన్ని సూది మీదుగా వెనక్కి లాగేస్తున్నాను. దాంతో మొదటి కుట్టు రెండు కాళ్లూ పైకొచ్చి రెండు కుట్లలా కనిపిస్తోంది, నేను రెండిట్లోనూ అల్లేస్తున్నాను. "దారం సూది కిందనుంచి తీసుకో. ప్రతి వరస చివరా లెక్కపెట్టు. లెక్క తప్పితే అక్కడే ఆగిపో." మొత్తం విప్పేశాను.

రెండోసారి లెక్కతోనే మొదలుపెట్టాను. వరసకి 120 కుట్లు, 300 వరసలు. మొత్తం 36,000. నా చేతికి నిమిషానికి 15 పడుతున్నాయి. అంటే 2,400 నిమిషాలు, 40 గంటలు, విప్పినవి కలపకుండా. మా ఆఫీసులో వారానికి నాకు జీతమిచ్చేది ఆ 40 గంటలకే. (ఇచ్చేది నలభైకి, చేయించుకునేది యాభై. అది వేరే వ్యాసం.)

ఎవరికి చూపించినా ఒకటే మాట. "భలే థెరపీ కదా!" మెడ పట్టేసింది. చూపుడువేలి మీద గాడి పడింది. ఒక కుట్టు సూది మీంచి జారి నాలుగు వరసల కిందికి నిచ్చెనలా దిగిపోతే, రాత్రి పదకొండింటికి ఊపిరి బిగబట్టి ఒక్కో మెట్టూ పైకి ఎక్కించుకోవడంలో ప్రశాంతత ఏముందో నాకైతే తెలీలేదు. అందులో ఏకాగ్రత ఉంది, లెక్క ఉంది, తప్పు ఎక్కడ మొదలైందో వెనక్కి వెళ్లి వెతుక్కోవడం ఉంది. నేను కోడ్ రాసేటప్పుడు చేసేదీ ఇదే. అక్కడ దాని పేరు స్కిల్. ఇక్కడ టైంపాస్.

పెద్దమ్మని అడిగాను, లేసుకి నీకెంత ఇచ్చేవారని. నవ్వింది. "అదేం పనే, ఖాళీగా కూర్చుని అల్లుకునేవాళ్లం." ఏజెంటు దారం ఇచ్చి వెళ్లేవాడట, మళ్లీ వచ్చి అల్లిన ముక్కలు పట్టుకెళ్లేవాడట. ఎంతిస్తే అంత. బేరమాడలేదా అంటే, "పొలం పనికెళ్తే కూలి అడగొచ్చు. నీడపట్టున కూర్చుని చేసేదానికి ఏం అడుగుతామే?" అంది. అరగంట తర్వాత ఇంకేదో మాట్లాడుతూ, మా అమ్మ ఇంటర్ పరీక్ష ఫీజు ఆ లేసు డబ్బులతోనే కట్టారని చెప్పింది.

ఖాళీగా కూర్చుని ఫీజు ఎలా కట్టారు పెద్దమ్మా?

ఇలాంటి ప్రశ్నని నాకంటే చాలా ముందే జర్మన్ సమాజశాస్త్రవేత్త మరియా మీస్ వేశారు. 19వ శతాబ్దంలో మిషనరీలు గోదావరి డెల్టాకి తెచ్చిన ఈ అల్లిక గురించి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం రాశారు. ఆ ఆడవాళ్లు ఇంటి చాకిరీ చేసుకుంటూనే రోజుకి 6 నుంచి 8 గంటలు లేసు అల్లేవారు. విదేశాలకి ఎగుమతయ్యే సరుకది. అయినా లెక్కల్లో వాళ్లు కార్మికులు కారు, గృహిణులు; తీరిక వేళల్లో ఏదో చేసుకుంటున్నారంతే. ఆ "తీరిక" అనే మాట మీదే వ్యాపారమంతా నడిచిందని మీస్ వాదన. పనే కాదన్నాక కూలి అడిగేదెవరు? పైగా పొలానికి వెళ్లక్కర్లేని ఇల్లాలన్న పరువొకటి, ఆ పరువుకి కులంతో ఉన్న ముడి ఒకటి. పెద్దమ్మ "నీడపట్టున" అన్నప్పుడు ఆ పరువు నాకు వినిపించింది. ఆవిడతో వాదించాను కూడా. గెలవలేదు.

నరసాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. మంచిదే. ఊరి పేరు ఇంకొకడు వాడుకోకుండా కాపాడుతుంది. అల్లిన చేతికి గంటకెంత అన్నది మాత్రం ఆ ట్యాగు చూసుకునే సంగతి కాదు.

మనం, అంటే రాసేవాళ్లం, ఇంతకంటే మెరుగ్గా ఏం లేం. అల్లసాని పెద్దన కవిత్వాన్ని పొగడటానికి మనవాళ్లకి దొరికిన మాట అల్లిక. పద్యం అల్లుతాం, కథ అల్లుతాం, చివరికి అబద్ధం కూడా అల్లుతాం. నిజంగా దారం పట్టుకుని అల్లే మనిషి మాత్రం మన కవితల్లో కిటికీ పక్కన కూర్చుని ఎవరికోసమో ఎదురుచూస్తూ ఉంటుంది. ఆమె వేళ్ల సందుల్లోంచి జ్ఞాపకాలు జారుతుంటాయి. నేనూ ఐదేళ్ల కిందట అలాంటి కవిత ఒకటి రాశాను, లైకులు బాగానే వచ్చాయి. సూది పట్టుకున్నాక మళ్లీ చదివితే సిగ్గేసింది. అల్లుతున్నప్పుడు బుర్రలో ఉండేది డెబ్బై మూడు, డెబ్బై నాలుగు, డెబ్బై ఐదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే వచ్చేది జ్ఞాపకం కాదు, కోపం.

"చెల్లికిచ్చే దుప్పటికి కూడా బిల్లు వేస్తావా?" అన్నాడు ఒక ఫ్రెండ్. వెయ్యను. అది కానుకే. కానీ పాపకి బంగారు గొలుసు పెడితే ఎన్ని గ్రాములో పెట్టినవాళ్లూ చెప్తారు, పుచ్చుకున్నవాళ్లూ చెప్తారు. అంతమాత్రాన ప్రేమ తగ్గిందని ఎవరూ అనుకోరు. ఉయ్యాల చేసిన వడ్రంగిని "ఎంత ప్రేమగా చేశావయ్యా" అని మెచ్చుకుని డబ్బులు ఎగ్గొట్టం. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని అల్లినదాని దగ్గరకొచ్చేసరికే లెక్క అడగడం మర్యాద కాదంటారు. ప్రేమ లేదని నేననట్లేదు. మొదటి వరసలో బోలెడంత ఉంది. తొంభయ్యో వరసకి వచ్చేసరికి నాలో మిగిలింది మొండితనం. దుప్పటిలో ఎక్కువ భాగం దాంతో అల్లిందే.

ఊలు ఉండలతో పాటు "మేడ్ విత్ లవ్" అని అచ్చేసిన గుడ్డ ట్యాగులు నాలుగు ఫ్రీగా వచ్చాయి. పారేశాను. వాటి బదులు దుప్పటి మడతలో పెట్టడానికి ఒక కాగితం రాసుకున్నాను: కుట్లు 36,000. గంటలు 40, విప్పినవి ఇంకో 5. అంచు దిద్దింది పెద్దమ్మ.

ఫోన్‌లో చదివి వినిపించాను. "మధ్యలో నేనెందుకే అందులో? నేనేం చేశానని?" అంది పెద్దమ్మ. కొట్టెయ్యమంది. కొట్టెయ్యలేదు.

ఇప్పుడు 212వ వరసలో ఉన్నాను. నిన్న రాత్రి లెక్కపెడితే 121 వచ్చాయి.