చెక్కసామాను కలిగినవాళ్ల ముచ్చటా?

చేతితో చేసిన చెక్కసామాను ఇక డబ్బున్నవాళ్ల ముచ్చటేనన్న మాట స్థిరపడిపోయింది. సామాన్యుడికి బోర్డు బీరువా, ప్లాస్టిక్ కుర్చీ చాలట. పైగా వాటివల్ల అడవి కూడా మిగులుతుందట. 2018 ఆగస్టు 9న ఫర్నిచర్ కంపెనీ ఐకియా దేశంలో తన మొదటి దుకాణం హైదరాబాద్‌లో తెరిచినప్పుడు ఎగబడిన జనాన్ని చూపించి, వడ్రంగానికి కాలం చెల్లిందని తీర్పు చెప్పినవాళ్లూ ఉన్నారు. ఈ మాటను సంగారెడ్డి జిల్లా బొల్లారం పారిశ్రామికవాడ కిరాయి గదుల్లోకి తెచ్చి పరీక్షించాలి.

ఇక్కడ సంసారమంటే తరచూ సామాను సర్దడమే. ఒడిశా నుంచో, బిహార్ నుంచో, ఇటు నారాయణఖేడ్ వైపు నుంచో ఫ్యాక్టరీ పనికి వచ్చిన కుటుంబం ఒక్క గదిలో దిగుతుంది. కంపెనీ మారితే గది మారుతుంది, కిరాయి పెరిగినా మారుతుంది. బోర్డు బీరువాను ఒకసారి విప్పి, ట్రాలీ ఆటోలో వేసి, ఇంకో గదిలో బిగించి చూడండి. స్క్రూ పట్టదు. పట్టుకోవడానికి అందులో చెక్కంటూ ఉంటే కదా! పొట్టులో జిగురు కలిపి వేడి మీద అదిమిన పలక అది. వదులైన బెజ్జంలో అగ్గిపుల్లలు కుక్కి రెండోసారి బిగిస్తారు. మూడో గదికి చేరేసరికి తలుపు వేలాడుతుంది. వానకు గదిలోకి నీళ్లొస్తే కింది అంచు ఉబ్బుతుంది, ఉబ్బిన బోర్డును బాగుచేసే పనివాడు ఎక్కడా దొరకడు. కొన్ననాడు చవకే, ఒప్పుకుంటాను. లెక్క ఆ ఒక్కరోజుతోనే ఎందుకు ఆపాలి?

ఇదే సంగారెడ్డి పల్లెల్లో నులకమంచం చూడండి. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు. కోడుకు బెజ్జం తొలిచి పట్టె కొనను అందులో దిగ్గొడతారు, మేకు అక్కర్లేదు. నులక అల్లి కాళ్లవైపు తాడు లాగి కడితే, ఆ లాగుడుకే కీళ్లు మరింత బిగుసుకుంటాయి. అల్లిక కుంగితే ఇంటివాళ్లే మళ్లీ లాగి కట్టుకుంటారు. పట్టె విరిగితే ఆ పట్టె ఒక్కటే మారుతుంది. పీట, తొట్టెల, సందూక అన్నీ ఇలాంటివే. కూలినాలి ఇళ్లలో తరాలు గడిచిన సామానుకు కలిగినవాళ్ల ముచ్చటని పేరు పెట్టడం ఏం న్యాయం? ఇవాళ అందనిది టేకు ధర, నగిషీ ధర. ఆ రెండింటినీ చేతిపని ఖాతాలో రాసేస్తున్నారు.

ఇక అడవి సంగతి. పల్లె మంచానికి తుమ్మ చెరువు గట్టు నుంచి, వేప పొలం గట్టు నుంచి వచ్చేవి. బోర్డు కోసం అడవులు నరుకుతున్నారని నేనూ అనను. సుబాబుల్, యూకలిప్టస్ తోటల కలప, చెరకు పిప్పి కూడా అందులో పడతాయి. అయితే ఒక తుమ్మ మంచం బతికినన్నాళ్లలో ఎన్ని బోర్డు మంచాలు చెత్తకుప్పకు చేరతాయో ఆ పర్యావరణ లెక్కలో కనపడదు.

ఆ జిగురు మాట కూడా చెప్పుకోవాలి. మామూలు బోర్డులో వాడేది ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్. నాసిరకం పలక నుంచి ఫార్మాల్డిహైడ్ గాలిలోకి చాలాకాలం వెలువడుతూనే ఉంటుంది. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. కిటికీలు తెరిచి ఉంచమని సలహా ఇస్తారు. బొల్లారంలోనా? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. రాత్రిపూట ఫ్యాక్టరీల వాసనకు కిటికీలు మూసుకునే ఊరిది. బయటి గాలికి భయపడి మూసుకున్న గదిలో బీరువా గాలి పీల్చాలి.

అలాగని చేత్తో చేసిందల్లా మంచిదని కాదు. పారిశ్రామికవాడల్లో సరుకు దించాక మిగిలే ప్యాలెట్ చెక్కలతో మంచాలు, బల్లలు కొట్టిస్తారు. ఆ చెక్క మీద ముద్ర ఉంటుంది: హెచ్.టి. అంటే వేడితో శుద్ధి చేసింది, ఎం.బి. అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టించింది. దాని మీద ఏ రసాయనం ఒలికిందో ఏ ముద్రా చెప్పదు. పసిపిల్లలు పడుకునే మంచానికి ఆ చెక్క వద్దు.

పాత ఏర్పాటే మళ్లీ రావాలని కూడా అనను. కళ్లంలో వడ్రంగికి ధాన్యం కొలిచిచ్చి, ఏడాది పొడుగునా నాగలి, బండి, మంచం బాగుచేయించుకునే పద్ధతి కులంతో కట్టేసిన చాకిరీ. ఎన్ని గింజలన్నది పటేలు దయ. ట్రాక్టరు వచ్చి నాగలి పనీ బండి పనీ పట్టుకుపోయాక ఆ గింజలూ పోయాయి. అందులో కాపాడుకోవలసింది ఒక్కటే: చేసినవాడే బాగుచేయడానికీ అందుబాటులో ఉండటం. దానికి నగదు కూలి, నికరమైన పని కావాలి.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల్లో వడ్రంగాన్నీ చేర్చింది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, ఆపైన రెండు లక్షల దాకా అప్పు ఇస్తామంది. సరే, కొత్త రంపం వచ్చింది. కోయడానికి కలప? సొంత పట్టాలో వేప చెట్టు కొట్టాలన్నా 2002 నాటి నీరు, నేల, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి కావాలి. పని? 2022లో మొదలైన ప్రభుత్వ బడుల పథకం ‘మన ఊరు మన బడి’లో బడి సామాను కూడా ఒక అంశంగా ఉండేది, బల్లలకు పెద్ద టెండర్లు పిలిచారు. మండలంలో ఉలి పట్టే చేతులు లక్ష రూపాయల టెండరు దాకా కూడా పోలేవు. కొత్త బల్లలు టెండర్లకే పోనివ్వండి. కాళ్లు ఊడి బడి వెనక పడేసినవాటి మరమ్మతునైనా ఆ మండలం వడ్రంగులకు ఏడాది ఒప్పందంగా రాసిస్తే, విశ్వకర్మ అప్పు తీర్చే దారి వాళ్లకు దొరుకుతుంది.